ఎంగిలి పొర

గాలి తగిలితే చాలు, తుల్సీబాయి ముందరి పళ్లు జివ్వుమంటున్నాయి. నోరు తెరిచి నినాదం ఇవ్వలేకపోతోంది. తెలంగాణ కోసం జనగామలో వేసిన రిలే నిరాహార దీక్షా శిబిరంలో ఆమెదే పెద్ద గొంతు. ఆడవాళ్లు తక్కువపడినప్పుడల్లా నర్మెట్ట దగ్గరి తండా నుంచి వచ్చి తానే కూర్చుంది. రెండు నెలల్లో ముప్పై ఒక్క రోజులు. ఇవాళా దీక్షలోనే ఉంది. నొప్పి ఓర్చుకోలేక మధ్యాహ్నం లేచి దవాఖానకు వచ్చింది.

పళ్ల డాక్టరు వినీత గోరువెచ్చని నీళ్లిచ్చి పుక్కిలించమంది. చన్నీళ్లు ఇవ్వనందుకే తుల్సీబాయికి ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది.

"గుట్కా తింటవా అక్కా?"

"అందరు గదే అడుగుతరు. తండా మనిషంటే గుట్కానేనా?"

"కోపం చెయ్యకు. పండ్ల మీది గట్టి పెంకు పులుపుకు కరిగింది. ఏం తింటున్నవ్?"

"దీక్షల ఏం తింట? సాయంత్రం ఇడిపిచ్చేటప్పుడు నిమ్మరసం తాగుత."

"అందరు తాగుతరు గద?"

"అందరు తాగుతరు. నన్నొక్కదాన్ని ముందుగాల పండ్లు తోముకొని రమ్మంటడు శిబిరం నడిపే నర్సింగరావు సేటు. ఫోటోల తెల్లగ పడాలెనట. బొగ్గుపొడితోని గీకి గీకి తోముత."

వినీత చేతిలోని అద్దం పక్కన పెట్టేసింది.

"ఉమ్మి పండ్ల మీద సన్నటి పొర కడతదక్కా, కంటికి కానరాదు. పులుపును కొంతన్న ఆపేది గదే. పొద్దంత ఉపాసంతోని నీ నోట్లె ఉమ్మే తక్కువ. ఉన్న పొరను గీకేసి, ఎంబడే పులుపు పోస్తున్నవ్. పోయిన పెంకు మళ్ల రాదు."

"గిలాస గూడ ఎత్తి తాగమంటడు. ఎంగిలి చెయ్యొద్దట," అంది తుల్సీబాయి మెల్లగా.

ఆ మాట పైకి అన్నాకే ఒళ్లు మండింది. ఏ ఎంగిలికి ధాన్యం వ్యాపారి నర్సింగరావు మొహం చిట్లించాడో, పళ్లను కాసింది ఆ ఎంగిలే. దాన్ని ఆమె చేతే గీకించాడు.

ఐదింటికి శిబిరంలో నర్సింగరావు నిమ్మరసం గ్లాసుల పళ్లెంతో నిలబడ్డాడు, పక్కన ఫోటోగ్రాఫరు.

"తుల్సీ, తోముకున్నవా?"

"తోముకోను. ఎవ్వరికి చెప్పంది నాకే ఎందుకు చెప్పినవ్ సేటూ?"

"ఫోటో కోసం..."

"ఫోటోల నీ పండ్లు పడయా? పాన్ నమిలి నమిలి ఇటుక లెక్కున్నయి!"

టెంటు కింద నవ్వులు లేచాయి. ఆమె నవ్వలేదు.

"మన మాటను సిన్మలల్ల ఎక్కిరిస్తరని నిన్న మైకుల మస్తు ఏడిస్తివి. మరి నా నోరు నీకేం చేసింది?"

నవ్వులు ఆగిపోయాయి. పక్కన కూర్చున్న ముసలి చిలుకమ్మ తాను సగం తాగిన మంచినీళ్ల గ్లాసు అందించింది. "తాగు బిడ్డా, నోరెండింది."

తుల్సీబాయి అంచుకు పెదాలు ఆనించి, తాపీగా తాగింది.

"రేపు మా తండా నుంచి ఆరుగురు ఆడోళ్లొస్తరు సేటూ. వాళ్లల్ల ఒక్కదాన్ని తోముకోమన్నా, ఎత్తి తాగుమన్నా, నీ ఎదురుంగనే ఇంకో టెంటేస్తం. తెలంగాణ కోసమే కూసుంటం. నీతోని మాత్రం కూసోం."

నర్సింగరావు ఫోటోగ్రాఫరు వైపు చూశాడు. అతను కెమెరా ఎత్తలేదు.