కొమ్ము లేని శంకు

ముప్పై ఏళ్ళుగా రాళ్ళ మీద అక్షరాలు చెక్కుతున్నాను. గుడి రాళ్ళు, బడి రాళ్ళు, సమాధి రాళ్ళు, అన్నీ చెక్కాను. ఇన్నేళ్ళలో ఒకే ఒక్క తప్పు చేశాను. దానికి నేనేమీ సిగ్గుపడటం లేదు.

మా కల్లినాళకూ బస్సులు తిరిగే తారు రోడ్డుకూ మధ్య ఒక వాగు అడ్డం. ఎండాకాలం మేకలు పడుకుంటాయి. నాగపంచమి వానలు పడితే నడిమి పాయలో నడుము లోతు నీళ్ళు, కాలు నిలవనివ్వని ఒరవడి. ఈ వాగు వల్ల పైకొచ్చినవాడు మా ఊళ్ళో ఒక్కడే. ఆయన పేరు తోటనగౌడ.

మొదట పంచాయతీ మెంబరుగా నిలబడ్డప్పుడు "గెలిపిస్తే వంతెన కట్టిస్తాను" అన్నాడు. గెలిచాడు. గుద్దలి పూజ, అదే భూమిపూజ, చేశాడు. కొబ్బరికాయ కొట్టి, గట్టున రెండడుగుల శంకుస్థాపన రాయి నాటించి, అందరికీ మండక్కి బొరుగులు, మిరపకాయ బజ్జీలు పెట్టించాడు. బజ్జీలు అరిగిపోయాయి గానీ వంతెన రాలేదు.

తర్వాత పంచాయతీ అధ్యక్షుడయ్యాడు, వేరే పార్టీలోంచి. పాత రాయి మీద పాత పార్టీ పెద్దల పేర్లుండటం ఆయన కంటికి నలుసైంది. "పీకి వాగులో పారేయండ్రా" అన్నాడు. కొత్త రాయి మూడడుగులు. ఆ తర్వాత మళ్ళీ కండువా మార్చి జిల్లా పంచాయతీకి వెళ్ళాడు. రెండో రాయీ వాగులో పడింది, మూడోది నాలుగడుగులు. వంతెన కాగితం మీద కూడా లేచిందో లేదో నాకు తెలియదు. మూడు రాళ్ళూ చెక్కింది మాత్రం నేనే.

నాలుగోసారి శాసనసభకే పోటీ చేశాడు. ఓట్లప్పుడు మా హులిగెవ్వ గుడిసెలో నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుని జొన్నరొట్టె, పుండికూర తిన్నాడు. ఫొటో పడగానే సగం రొట్టె వదిలేసి లేచాడు. అన్నం పెట్టిన ఇంట్లో ఎంగిలి వదిలేవాడు మాట నిలబెట్టుకుంటాడని ఎవరనుకున్నారో గానీ, గెలిచాడు. గెలిచీ గెలవక ముందే మూడో రాయిని కూడా పీకించి వాగులోకి తోయించాడు.

ఆయన పారేసిన రాయినల్లా హులిగెవ్వే ఏరుకునేది. పదిమందిని కేకేసి, కింద బండలు పేర్చి, ఈ గట్టు నుంచి ఒకటి, ఆ గట్టు నుంచి రెండు, మెట్లలాగా పరిపించింది. ఆమె కూతురు కస్తూరి టౌను కాలేజీలో పీయూసీ రెండో ఏడు చదువుతోంది. బస్సు ఆ గట్టునే ఆగుతుంది. నడిమి పాయ దగ్గర మాత్రం ఐదడుగుల ఖాళీ ఉండిపోయింది. ఒకసారి ఆ పిల్ల దూకబోయి పుస్తకాల సంచితో సహా కొట్టుకుపోయి, తుమ్మ వేరు దొరికింది కాబట్టి బతికింది. ఆ రోజు నుంచీ నీళ్ళు తగ్గేదాకా ఇంట్లోనే. ఇంకో ఎనిమిది రోజులు మానితే హాజరు చాలదనీ, హాల్‌టికెట్టు ఇవ్వమనీ కాలేజీ వాళ్ళు కబురు పెట్టారు.

అదే వారం నా దగ్గరికి శాసనసభ్యుడైన తోటనగౌడ కొత్త రాయి వచ్చింది. ఎర్ర రాయి, ఆరున్నర అడుగులు. పదవి పెరిగేకొద్దీ రాయి మీద పేర్లు పెరుగుతాయి. ఈసారి ఇరవై మూడు పేర్లు. హులిగెవ్వ కొట్టు దగ్గరికి వచ్చి, మోచెయ్యి ఆనించి కొలిచింది.

"నాలుగు మూరల పైనే ఉండాది గదప్పా మౌనేశా. ఇది వాగులో పడాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"గౌడ్రు మళ్ళీ పార్టీ మారేదాకా అక్కా."

"ఐదేండ్లా?"

"అంత ఓపిక ఆయనకు యాడిది? రెండేండ్లు."

"నా బిడ్డకు ఎనిమిది దినాలే ఉండాది." రాతిని అరచేత్తో నిమిరింది. "నువ్వు చెక్కితే తప్పు పడదు. తప్పు పడుంటే ఈ రాయిని ఆయప్ప గట్టున ఒక గడియ ఉండనిస్తాడా? నీ పనితనమే మా పాలిట శనైంది పో."

ఆమె తిట్టి వెళ్ళిపోయింది. నేను ఉలి పట్టుకుని కూర్చున్నాను. పైన పెద్ద అక్షరాలతో శంకుస్థాపన అని చెక్కాలి. శం అయింది, క అయింది. కకు కొమ్ము పెట్టాలి. ఆ ఒక్క కొమ్ము మానేస్తే శంకు కాస్తా శంక అవుతుంది. మా నాయన బతికుంటే సుత్తితో వేళ్ళు చితక్కొట్టేవాడు. కొమ్ము మానేశాను. తర్వాత ఇరికించడానికి నువ్వుగింజంత సందు కూడా లేకుండా పక్క అక్షరాన్ని ఆనించి చెక్కాను.

పూజకు ముందు రోజు తోటనగౌడ స్వయంగా రాయి చూడటానికి వచ్చాడు. ఆయన వంగి, తన పేరు మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా మెల్లగా జరిపాడు.

"పేరు బాగా లేపినావు మౌనేశా. మంత్రిగారి పేరు కన్నా ఒక పిసరు పెద్దగుంది కదా?"

"ఉంది గౌడ్రే."

"ఇంకేం, తీసుకురా." పై వరుస వైపు కన్నెత్తి చూడలేదు. ఇలాంటివాడు చట్టాలు చదివి చేతులెత్తుతాడట.

మర్నాడు గట్టున మేళం, పూలదండలు, మళ్ళీ అవే బజ్జీలు. తోటనగౌడ తలపాగా సర్దుకుని తెర లాగాడు. బడి పెద్ద మాస్టారు అలవాటు కొద్దీ గట్టిగా చదివేశాడు. "కల్లినాళ వంతెనకు శంక... శంక స్థాపన..." చదివాక నాలుక కరుచుకున్నాడు.

ముందు ఆడవాళ్ళ వైపు కిసుక్కుమంది, తర్వాత జనమంతా నవ్వారు. "నాలుగోసారికి నిజం రాసినారప్పా, మాకు మొదటి నుంచీ శంకే" అన్నాడొక ముసలాయన.

తోటనగౌడ ముఖం కందగడ్డలా అయింది. "మౌనేశా, కకు కొమ్మేదిరా?"

"మరిచినాను గౌడ్రే."

"కొమ్ములన్నీ గౌడ్రుకే వచ్చినాయి, ఇంక రాయికి యాడ మిగుల్తాయిలే" అంది వెనక నుంచి హులిగెవ్వ. ఈసారి పోలీసు కూడా నవ్వాడు.

"పగలగొట్టండ్రా దీన్ని, ముక్కలు ముక్కలు చేయండి" అని అరిచాడు తోటనగౌడ. ఆయన మనిషి ఒకడు నా సమ్మెటే అందుకుని పైకెత్తాడు. హులిగెవ్వ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రాయి ముక్కలైతే నా తప్పుకు అర్థం లేదు, ఆ పిల్లకు పరీక్ష లేదు.

"కొడితే కొట్టించండి గౌడ్రే" అన్నాను. "కాకపోతే సమ్మెట పడేది సరిగ్గా మీ పేరు మీద. పదవికొచ్చిన కొత్తలో మంచిదో కాదో మీకే తెలియాల."

సమ్మెట గాల్లోనే ఆగింది. తోటనగౌడ తన పేరు వైపు చూశాడు, మెడలో తాయెత్తు తడుముకున్నాడు. ఆయన జీవితంలో అంత భక్తిగా దేన్నీ చూసి ఉండడు.

"దించరా. ఎప్పట్లాగే వాగులో పారేయండి. వీడికి ఇంక సర్కారు రాయి ఒక్కటి కూడా పోకూడదు."

మాటంటే మాటే. ఆ తర్వాత నా కొట్టుకు సర్కారు రాయి రాలేదు. కొమ్మున్న కొత్త రాయి పక్క తాలూకా నుంచి వచ్చి గట్టున నిలబడింది, ఇప్పటికీ దాని పక్కన వంతెన లేదు. మేము మాత్రం ఆ రోజు సాయంత్రానికే పన్నెండు మందిమి వెదురు బొంగులు కట్టి ఎర్ర రాయిని నడిమి పాయ మీదికి చేర్చాం. అటు ముప్పావు అడుగు, ఇటు ముప్పావు అడుగు ఆనుకుని కదలకుండా కూర్చుంది. మర్నాడు పొద్దున కస్తూరి దాని మీదుగా నడిచి బస్సెక్కింది. హాల్‌టికెట్టు వచ్చింది. పాసయింది కూడా.

రెండేళ్ళు పూర్తిగా నిండలేదు. తోటనగౌడ పార్టీ మారాడు, మధ్యలోనే ఎన్నిక వచ్చింది, వానాకాలంలో. కారు ఆ గట్టునే ఆగిపోయింది. పంచె ఎగ్గట్టి, ఇద్దరి భుజాలు పట్టుకుని, ఒక్కో రాయి మీద అడుగేస్తూ వాగు దాటాడు. ఈ గట్టున నిలబడి మైకు అందుకున్నాడు.

"ఈ దారి ఎవరు వేసినారని అడుగుతా ఉండారు. పోయి చూసుకోండి, ప్రతి రాయి మీదా నా పేరే ఉండాది."

హులిగెవ్వ నింపాదిగా తల ఊపింది.

"లేదని ఎవరంటారు గౌడ్రే. అన్నీ మీరు పారేసినవే గదా."