పాట అయ్యేదాకా ఆగిన స్లైడు

నేను ఒక గాజు ముక్కను. అరచేతిలో పట్టేంత. ఇంతోటిదానికి ఆత్మకథ ఒకటా అని మీరు నవ్వినా నాకు కోపం రాదు. నవ్వులపాలవడం నాకు అలవాటే. సినిమా నడుస్తుండగా తెర మీద ఒక మూల "డాక్టరు ఫలానా గారు వెంటనే బయటికి రావలెను" అని అక్షరాలు పడేవి, గుర్తుందా? ఆ అక్షరాలను మోసిన స్లైడును నేనే. గుర్తు లేకపోతే మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

బేగంబజారులో ఒక అద్దాల కొట్లో పుట్టాను. పుట్టాను అనడం కూడా గొప్పే. ఎవరిదో పెళ్లి ఫొటోకు అద్దం కోస్తుంటే మిగిలిన తునకను. కొట్టువాడు నన్ను చెత్తలోకి విసరబోతుంటే, కాచిగూడ చంద్రకాంత టాకీసు ఆపరేటరు మొగులయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "పారెయ్యకు సేటూ, నాకు పనికొస్తది" అన్నాడు. అలా నేను సినిమాల్లోకి వచ్చాను. హీరో అవ్వాలని మద్రాసు రైలెక్కినవాళ్లు ఎందరో ఉన్నారు, నాకు మాత్రం అడగకుండానే తెర దొరికింది.

నా పని చెబుతాను. మొగులయ్య కిరసనాయిలు దీపం మీద నన్ను తిప్పితిప్పి మసి పట్టించేవాడు. ఆ మసి మీద సూదితో అక్షరాలు గీసేవాడు. గీసినచోట వెలుతురు దూరి తెర మీద తెల్లటి రాత పడేది. పని అయిపోగానే గుడ్డతో తుడిచేవాడు. మళ్లీ మసి, మళ్లీ సూది. ఎన్ని వార్తలు మోశానో! మూసీ పొంగుతోంది, చాదర్‌ఘాట్ వైపు వాళ్లు జాగ్రత్త. సిటీ బస్సుల సమ్మె, నడిచి వెళ్లగలరు. మూడేళ్ల పాప మేనేజరు గదిలో ఏడుస్తున్నది. ఈ చివరిది వేస్తే, పాప తల్లి ఇంటర్వెల్ దాకా చూసి అప్పుడు నింపాదిగా వచ్చేది. ఆఫీసులో ఉన్నానని చెప్పి మ్యాట్నీకి వచ్చిన మొగుడి పేరు పెళ్లామే రాయించిన రోజులూ ఉన్నాయి. ఆ పేరు పడగానే హాల్లో ఎవరో ఒకరు సీట్లోంచి కిందికి జారిపోయేవారు. మనుషులు చీకట్లో కూర్చుంటే తమను ఎవరూ చూడరనుకుంటారు, పాపం.

అయితే నాకొక శత్రువు ఉండేది. పాట. పాటలో గాని, ఫైటులో గాని నేను తెర మీద పడ్డానంటే నేల క్లాసు ఊరుకునేది కాదు. ఒకసారి హీరో స్టెప్పు వేస్తుండగా సరిగ్గా ఆయన మొహం మీద నేను పడ్డాను. సోడా సీసాలు లేచాయి, కుర్చీలు చిరిగాయి, మేనేజరు పాండురంగారావు గారి నుదుటికి కుట్లు పడ్డాయి. ఆయన కట్టు కట్టుకునే పైకి వచ్చి ఆర్డరు వేశాడు: "మొగులయ్యా, ఇగ పాటల, ఫైటుల స్లైడు ఏసినవంటే నీ నౌకరి ఉండదు." అది హాలు శాసనమైంది.

శాసనం వచ్చిన కొద్ది రోజులకే, ఒక కొత్త సినిమా మొదటి శుక్రవారం, మ్యాట్నీ నడుస్తుండగా రాజలింగం వచ్చాడు.

మా ప్రొజెక్టరు గదికి వెనుక చిన్న కిటికీ ఉండేది. అందులోంచి గేటు కనిపించేది. మీసం అప్పుడప్పుడే దిట్టమవుతున్న వయసు, చేతిలో రేకు పెట్టె, చెమటకు తడిసిన చొక్కా. మెట్లెక్కి మొగులయ్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చప్పల్‌బజారులో అప్పడాలు చేసి అమ్మే సుగుణమ్మకు తమ్ముడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. ఎవరెవరి కాళ్లో పట్టుకుని ఆమె మిల్లులో పని ఇప్పిస్తే, వీడు దాన్ని వదిలి మిలిటరీలో చేరాడు. ఆ రోజు మాటా మాటా పెరిగింది.

"నువ్వు నాకు అమ్మవా అని అన్ననన్నా," అన్నాడు రాజలింగం, పెట్టె కింద పెట్టకుండానే. "అనకూడని మాట. ఇగ నా గడప తొక్కకు అన్నది. నెల నుంచి మాటల్లేవు. ఇప్పుడు ఇంటికి పోతే తాళమున్నది, సినిమాకు పోయిందని పక్కింటోళ్లు చెప్పిండ్రు. అరగంటలో నా రైలు. ఒక్కపారి మొకం చూసి, తప్పయిందని చెప్పి పోత."

"ఉండు, రాస్త," అన్నాడు మొగులయ్య. నా మీద పట్టేదెంత! "చప్పల్‌బజారు సుగుణమ్మ గారు గేటు వద్దకు రావలెను. తమ్ముడు రాజలింగం." అంతే పట్టింది. తప్పయిందన్న మాటకు చోటు లేదు. "అది నువ్వే నోటితోటి చెప్పుకో, పో, గేటుకాడ నిలబడు" అని పంపించాడు.

నన్ను చేతిలో పట్టుకుని తెర వైపు చూశాడు. పాట. సరే, అయిపోతుంది కదా అనుకున్నాను. పాట అయిపోయి ఫైటు వచ్చింది. ఫైటు అయిపోయి, దెబ్బలు తిన్న హీరోకు పసుపు రాస్తూ హీరోయిన్ పాట అందుకుంది. ఆ సినిమా తీసినవాడు దొరికితే నా పదునైన అంచుతో ఒక్క గీత గీసేదాన్ని.

లోపలికి వెళ్లి పిలవొచ్చు కదా అంటారేమో. ఆడవాళ్ల క్లాసులోకి మగవాణ్ణి రానివ్వరు. ఆడవాళ్ల గేటు చూసే బాలమణి టార్చి పట్టుకుని వెళ్లింది. ఈలల్లో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. టార్చి వెలుగు మొహాన పడ్డ వాళ్లందరూ తిట్టిపోస్తే, ముడి ఊడిన జుట్టుతో బయటికి వచ్చింది. "నాతోని కాదమ్మో, మందిల మనిషిని ఎట్ల దేవులాడాలె" అని చెంగుతో మొహం తుడుచుకుంది.

గేటు దగ్గర రాజలింగం నిలవలేకపోతున్నాడు. గేటుమనిషి అంజయ్యను పదే పదే అడుగుతున్నాడు. అంజయ్య చెడ్డవాడు కాదు. గేటు దగ్గర గొడవ కాకుండా ఉండడానికి అందరికీ చెప్పే మాట ఒకటి ఉండేది, అదే వీడికీ చెప్పాడు.

"ఎప్పుడో ఏసిండ్రు తమ్మీ. మీ అక్క చూసే ఉంటది. వస్తది, నిలబడు."

అబద్ధం! నేనింకా మొగులయ్య చేతిలోనే ఉన్నాను. నన్ను వెయ్యలేదురా అబ్బీ అని అరవాలనిపించింది. గాజుకు గొంతు ఎక్కడిది? కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అక్క చూసింది, అయినా లేవలేదు అన్న మాట ఆ కుర్రవాడి మొహంలోకి మెల్లగా దిగింది. ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత పెట్టె భుజానికెత్తుకుని స్టేషను వైపు వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

పాట అయిపోయింది. మొగులయ్య ఉరుకులు పరుగుల మీద నన్ను వేశాడు. తెర మీద పడి, పక్కనున్నవాళ్లు పైకి చదివారో లేదో, ఆడవాళ్ల క్లాసులోంచి ఒకామె చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ముప్పై దాటని మనిషి, కొంగు నేల మీద ఈడుస్తోంది. "ఏడీ? మా తమ్ముడేడీ?" అంది. అంజయ్య తల వంచుకుని, "ఇప్పుడే పోయిండమ్మా" అన్నాడు. ఆమె ఉత్తి కాళ్లతో స్టేషనుకు ఉరికింది.

సినిమా వదిలాక తిరిగి వచ్చి మెట్లెక్కింది. రైలు పోయిందట. తిడుతుందని మొగులయ్య, వెనకాలే వచ్చిన అంజయ్య గోడకు అతుక్కుని నిలబడ్డారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నేను చూసి కూడా రాలేదనుకుంటడన్నా వాడు," అంది. "అనుకుంటడు కదా? మొండోడు. జాబు గూడ రాయడు."

రాయలేదు. చాలా నాళ్ల తర్వాత సుగుణమ్మ మళ్లీ వచ్చింది. మొగులయ్య నన్ను తుడవకుండా గూట్లో పెట్టి ఉంచాడు, ఎందుకో ఆయనకే తెలియదు. ఆమె నన్ను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. చదువు రాదు, తమ్ముడి పేరు ఎక్కడుందో అడిగి తెలుసుకుంది. తర్వాత చెప్పింది: "వాడికి సినిమా పిచ్చన్నా. లీవుల వస్తే ఈడికి రాకపోడు. పాట అయ్యేదాక ఆపిండ్రని, నేను ఉరికొచ్చిననని దీని మీద రాయి. కొత్త సినిమా వచ్చినప్పుడల్లా ఒక్కపారి ఎయ్యి."

నా మీద మిగిలిన చోటు కింద ఒక సన్నటి గీతంత. ఎప్పుడూ రావలెను, పోవలెను అని గ్రాంథికం గీసే మొగులయ్య ఆ రోజు ఆమె ఎలా పలికిందో అలాగే గీశాడు: "అక్కొచ్చింది తమ్మీ." మసి చెదరకుండా పైన ఇంకో గాజు మూసి, చుట్టూ కాగితం అంటించాడు. ఇక నాకు వేరే వార్త లేదు. నగరం కబుర్లన్నీ వేరే గాజులు మోశాయి.

అప్పటినుంచి సినిమా మారినప్పుడల్లా, పాటల భయం లేకుండా, బొమ్మ మొదలవక ముందే సబ్బుల ప్రకటనల మధ్య నేను పడేదాన్ని. నేల క్లాసువాళ్లకు నేను తమాషా అయిపోయాను. "ఏమాయెరా, వచ్చిండా తమ్ముడు?" అని ఒకడు అరిస్తే, "ఇంక రాలేదే!" అని హాలంతా నవ్వేది. సుగుణమ్మ ఆ నవ్వుల్లోనే కూర్చుని, తెర వైపు కాకుండా జనం వైపు చూసేది, ఎవడైనా లేస్తాడేమోనని. ఎవడూ లేవలేదు. ఆమె ఉండే వరుస ఇళ్లను రోడ్డు వెడల్పులో కొట్టేశారు. ఎక్కడికో దూరం పోయింది. అయినా వచ్చేది. తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి, చేతికి కర్ర వచ్చింది. ఒక శుక్రవారం రాలేదు. ఆ తర్వాత ఏ శుక్రవారమూ రాలేదు. మొగులయ్య మాత్రం నన్ను వెయ్యడం మానలేదు. కన్ను ఆనని వయసులో ఇంటికి పోతూ, నన్ను గూట్లో తడిమి చూసి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. మాకు ఏడుపు రాదని ఎవరన్నారో గాని అబద్ధం.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. రీళ్లు పోయాయి. జనం పోయారు. హాలు గేటుకు తాళం పడింది, బాల్కనీలో పావురాలు కాపురం పెట్టాయి. "మరో పాత టాకీసు నేలమట్టం" అని పేపర్లో మా ఫొటో వేశారు. అంతమంది జనం మా హాలును తలచుకోవడం దాన్ని కూలగొట్టిన రోజే చూశాను. అదే జాగాలో మాల్ కట్టారు. పైన ఆరు తెరల సినిమా హాలు. పాత సామాను గుట్టలో నేను దొరికితే, మాల్ అలంకరించే కుర్రవాడు ఎగిరి గంతేశాడు. నన్ను గోడకు బిగించి, వెనక బల్బు పెట్టాడు. కింద ఇరికించి గీసిన చివరి వరుస వేరేగా, ఇరుకుగా ఉండి అందం చెడగొడుతోందట. దాని మీద ఇత్తడి పట్టీ ఒకటి అడ్డంగా బిగించాడు. దాని మీద అందంగా చెక్కించాడు: "చంద్రకాంత టాకీసు తీపి గుర్తు."

ఆ కింద ఏముందో ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. పిల్లలు నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. "సుగుణమ్మ గారూ, గేటుకు రండి" అని చదివి నవ్వుతారు. నవ్వనీ.

మొన్న ఒకాయన వచ్చాడు. నిటారుగా నడిచే ముసలాయన, తెల్లటి మీసం. పక్కన కూతురు, చేతిలో టికెట్లు. ఆమే ముందు చూసింది.

"నాన్నా, ఇదేంది, నీ పేరే ఉన్నది!"

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. మళ్లీ చదివాడు. గోడకు చెయ్యి ఆనించాడు. వెనక బల్బు వేడికో దేనికో నాకు పగుళ్లిచ్చినట్టయింది. రాజలింగం! వచ్చావా!

"మా అక్క బిడ్డా," అన్నాడు.

"నీకు అక్క ఉన్నదా? ఎన్నడూ చెప్పలేదు!"

"ఏం చెప్పాలె. ఇది రాయించి గేటుకాడ నిలబడ్డ. చూసి కూడా బయటికి రాలేదు. నేనన్న మాట అసొంటిది. తర్వాత లీవుకొచ్చినప్పుడు చప్పల్‌బజారు పోయిన, ఇండ్లే లేవు. గట్టిగ దేవులాడలేదు. రాదల్చుకుంటే ఆ రోజే వస్తుండె కదా అనుకున్న."

కిందికి చూడరా! పట్టీ కింద! ఎన్ని శుక్రవారాలు నేను తెర మీద పడి చెప్పానో ఆ మాట, హాలంతా విని నవ్విన మాట, అది వినవలసినవాడు ఎదురుగా నిలబడితే ఇత్తడి పట్టీ నా నోరు నొక్కేసింది. ఆయన వేలు ఒక్కో అక్షరం మీదుగా జరిగింది. సుగుణమ్మ. తమ్ముడు. రాజలింగం. వేలు కిందికి దిగి పట్టీ మీద ఆగింది. చల్లగా ఉందేమో, కాసేపు అక్కడే ఉంచాడు.

"పద నాన్నా, సినిమా మొదలయితది," అంది కూతురు.

"మంచిగనే చేసింది," అన్నాడు ఆయన, నాకో, కూతురికో. "అంత మాటన్నోనికి ఎందుకు రావాలె."

మెట్లు వాటంతటవే కదిలి ఆయనను పైకి తీసుకుపోయాయి. సినిమా వదిలాక ఇటే వస్తాడని చూశాను. వేరే దారి ఉందట, అటే వెళ్లిపోయారు.

మీరెప్పుడైనా ఆ మాల్‌కు వెళ్తే, నా దగ్గర ఫొటో దిగండి, నవ్వుకోండి, కాదనను. తెల్ల మీసాల ముసలాయన ఎవరైనా నా ముందు నిలబడి కనిపిస్తే మాత్రం కాస్త ఆపండి. ఆ పట్టీకి ఉన్నవి రెండే మరలు. విప్పడానికి మీ జేబులో రూపాయి బిళ్ల చాలు.