తిప్ప మీద పెట్టిన పేరు

యాడికి అనే ఊళ్లో బస్సు దిగేసరికే కృపాకుమారికి ప్రాణం విసిగిపోయింది. వాన మొహం చూసి రెండేళ్లు. వేరుశనగ చేలు మాడిపోయాయి, ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. ఎవరి గురించి అడిగినా బెంగళూరే అంటారు. పిల్లల జబ్బుల మీద జరిగే పరిశోధన కోసం ఇల్లిల్లూ తిరగడం ఆమె పని. ఏం ఉద్యోగమో ఏమో, చెప్పులే అరగాలి!

మూత్రపిండాలు చెడి ఒళ్లు వాచే పిల్లలు ఒక్క ఆసుపత్రికి ఎంతమంది వస్తారు? అందుకని దేశంలో పలుచోట్ల పెద్దాసుపత్రులు కలిసి, ఒకే మందును ఒకే పద్ధతిలో ఇచ్చి చూస్తున్నాయి. ఆ పిల్లల్లో ఈ ఊరి నల్లమ్మ కొడుకు గంగాధర్ ఒకడు. నల్లమ్మ కూలికి బెంగళూరు పోతానంటే కృపాకుమారి అడ్డం చెప్పలేదు.

"ఆడ ఆసుపత్రి కూడా మనదేనమ్మా. పిల్లోని పేరు చెప్పు, మందిస్తారు. మాత్రలు ఉన్నపళాన ఆపితే మాత్రం పానం మీదికొస్తాది" అని ఒకటికి పదిసార్లు చెప్పి పంపింది.

తీరా చూస్తే, ఆ పేరుగల పిల్లవాడెవరూ రాలేదని నిన్న అక్కడి నర్సు, గుంతకల్లు పిల్ల జయంతి, ఫోన్ చేసింది. చేతిలోని మాత్రలు ఈపాటికి అయిపోయుంటాయి.

నల్లమ్మ అత్త సిద్దమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"ఏమవ్వా, గంగాధర్‌ను ఆసుపత్రికి తీసకపోలేదంటనే?"

"అయ్యో, ఆ పేరెత్తొద్దు తల్లీ!" ముసలమ్మ ఆమె నోరు మూయబోయింది. "రోగం వాణ్ణి ఇడవడంలేదని, పోయే ముందర తిప్ప మీద పండబెట్టి, పక్కింటామెకు చాటెడు తవుడుకు అమ్మి, మళ్లా తెచ్చుకుంటిమి. ఇప్పుడు వాడు తిప్పన్న. పాత పేరు పలికితే రోగం గుర్తుపట్టి ఎనక్కొస్తాది."

కృపాకుమారికి ఒళ్లు మండిపోయింది. పేడకుప్ప మీద పేరు మారిస్తే రోగం మోసపోతుందా? మోసపోయింది ఆసుపత్రి! "ఎంత పని చేసినారవ్వా!" అంటూ బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తింది.

"తిప్పన్నా? పొద్దున వచ్చినారక్కా" అంది జయంతి. "మొహమంతా వాచిపోయి ఉండాది. మన లిస్టులో ఆ పేరు లేదని మామూలు వరుసలోకి పంపినా."

"వాడే మన పిల్లోడు! ఆడ ఉండారేమో పోయి చూడమ్మా!"

రిసీవర్‌ను చెవికి అదుముకుని నిలబడింది. ఇన్ని ఆసుపత్రులు, ఇంతమంది చదువుకున్నవాళ్లు. ఇంట్లో ఏమని పిలుస్తారని ఒక్క తల్లినీ అడగలేదే! ఆమెకు ఏడుపొచ్చింది.

"దొరికినారక్కా, వరండాలో పడుకున్నారు. గంగాధర్ అంటే చాలు, వాళ్లమ్మ నా చేతులు పట్టుకోని ఏడుస్తాంది. నేనే ఆ పేరుతో గట్టిగా పిలుస్తా. పలికితే వాడే కదా?"

"వద్దు!"

ఆ కేకకు బూత్ యజమాని ఉలిక్కిపడ్డాడు. ఏ ఆదివారమూ చర్చి మానని కృపాకుమారి, రిసీవర్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించింది.

"తిప్పన్న అనే పిలువు. కుడి చెవి కింద కాలిన మచ్చ ఉంటాది, చూసుకో. ముందు డాక్టరును పిలిచి మందిప్పించు."

"అంత మెల్లగా మాట్లాడతాండావేమక్కా?"

"రోగం ఇంటాదమ్మా" అంది కృపాకుమారి.