ఊపిరి విడిచినప్పుడే మాట

హుస్...

తోలు సాగుతుంది. గాలి లోపలికి.

హుస్...

తోలు ముడుచుకుంటుంది. గాలి బయటికి.

వానకు ముందు చెట్లు ఇలాగే అంటాయి. చెట్లకేం, కాసేపు ఊరుకున్నా బతుకుతాయి.

మా చెల్లి ఊపిరి చప్పుడు అది.

పిట్ట అనేవాళ్ళం దాన్ని. ఒక్క చోట కాలు నిలిచేది కాదు. పోలియో వచ్చి కాళ్ళు తీసుకుంది, చేతులు తీసుకుంది, ఊపిరి కూడా తీసుకోబోయింది. ఆస్పత్రివాళ్ళు దాన్ని ఒక ఇనుప పెట్టెలో పడుకోబెట్టారు. తల ఒక్కటే బయటికి. మెడ చుట్టూ రబ్బరు పట్టీ. పెట్టెకున్న తోలు తిత్తి సాగి గాలి లాగితే పిట్ట ఊపిరి పీల్చేది. వదిలితే విడిచేది.

విడిచినప్పుడే మాట. పీల్చేటప్పుడు మాట రాదు.

"అక్కా, నీ జడ..."

హుస్...

అందరం ఆగేవాళ్ళం. అమ్మ, నాన్న, మందు పట్టుకొచ్చిన నర్సమ్మ కూడా.

"...ఎలక తోకలా ఉందే."

దాని కొంటెతనమంతా ఆ ఆగడంలోనే ఉండేది.

దానితో మాట్లాడీ మాట్లాడీ ఇంటిల్లిపాదికీ అదే తీరు పట్టుబడింది — ఒక ముక్క, కాస్త ఆగడం, మళ్ళీ ఒక ముక్క. పెళ్ళయి వెళ్ళాక మా అత్తగారు విసుక్కునేది. "మాటలేమైనా పక్కింట్లో అరువు తెచ్చుకుంటున్నావటే?"

ఏం చెప్పను? మధ్యలో చెల్లికి చోటు వదులుతున్నానని చెప్పనా?

కరెంటు పోతే, పెట్టె వెనక ఒక ఇనుప పిడి. లాగాలి, వదలాలి. నాన్న, అమ్మ, నేను. ఒకరి భుజం పడిపోయేలోగా ఇంకొకరు. కరెంటు ఎన్నిసార్లు పోయినా మేమే గెలిచాం.

జలుబు దగ్గర ఓడిపోయాం. మామూలు జలుబు. గుండెల్లోకి దిగింది. పెట్టె లాగుతూనే ఉంది... పిట్ట పీల్చుకోలేదు.

ముఖం గుర్తుంది. జడ మాట గుర్తుంది. ఆ మాటన్న గొంతు — అది పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. ఒకనాడు వెతుక్కుంటే లేదు.

ఆ పెట్టె చప్పుడు వింటే గొంతు గుర్తొస్తుందేమో. రెండూ ఎప్పుడూ జంటగానే వచ్చేవి.

అందుకే మనవరాలు నన్ను మ్యూజియానికి తీసుకొచ్చింది.

మొదటి గదిలో ఆవిరి యంత్రాలు, ఏనుగులంతేసి. తర్వాత గడియారాలు, దుర్భిణులు, గొట్టాల టెలిఫోన్లు. చుక్కల్ని దగ్గరికి లాగేవి, దూరపు మాటల్ని మోసుకొచ్చేవి. పాటల పెట్టెలు కూడా ఉన్నాయి. ఎవరెవరివో గొంతులు ఎక్కాయి వాటిలో. మా పిట్ట గొంతు దేనిలోనూ ఎక్కలేదు.

చివరి గదిలో, అది.

"ఐరన్ లంగ్ అట నానమ్మా," బోర్డు చదివింది మనవరాలు.

"అంత పేరుందని దానికీ తెలియదే. పెట్టె అంటేనే పలికేది."

పక్కనే అద్దం కింద చిన్న సీసా. పోలియో రాకుండా వేసే మందు. పిట్ట పెట్టెలోకి వెళ్ళిన మరుసటి ఏడు మా వీధిలోకి వచ్చింది. పిల్లలందరికీ వేశారు.

ఇక్కడ పెట్టెకీ సీసాకీ మధ్య జానెడు.

ఆ జానెడులోనే పడిపోయింది మా పిట్ట.

"ఒక్కసారి ఆడించు నాయనా," అన్నాను కాపలా అతనితో.

"మోటారు కాలిపోయి యుగమైంది మామ్మా. ముట్టుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే మా ఇంటికి వచ్చెయ్యి, అన్నం పెడతాను. వెనక పిడి ఉంటుంది చూడు."

నవ్వాడు. అటూ ఇటూ చూశాడు. అడ్డం కట్టిన తాడు తప్పించాడు.

లాగాను. ఇనుము కీచుమంది. తోలు ఎక్కడెక్కడ చినిగిందో, గాలి అందలేదు.

వదిలాను.

ఆగాను. చెల్లి మాట్లాడే చోటు అది.

మనవరాలు ఏదో అనబోయింది. చెయ్యెత్తి వద్దన్నాను. కాపలా అతనూ కదలకుండా నిలబడ్డాడు, ఎవరో చెప్పబోయేది వినాలన్నట్టు.

పిట్ట గొంతు రాలేదు.

"ఇక చాలు మామ్మా... మూసే వేళయింది."

వింటూనే ఉన్నాను. లాగుతూనే ఉన్నాను.

కీచు...

గాలి లోపలికి పోదు.

కీచు...

గాలి బయటికి రాదు.

మధ్యలో ఆగుతున్నాను —