పిట్టల మాస్టారి చెవులు

పార్కులో అందరూ ఆయన్ని పిట్టల మాస్టారు అంటారు గానీ, ఆయన జన్మలో ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు. బస్టాండు పక్క సందులో చేతివాచీలు బాగుచేసే దుకాణం ఆయనది. ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా కెమెరాలు మెడలో వేసుకున్న తొమ్మిదిమందిని వెంటేసుకుని పార్కంతా తిప్పుతారు. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగి, చెవులు రిక్కించి, "చింతచెట్టు, రెండో పంగ, తేనెపిట్ట" అంటారు. వెనకవాళ్ళు కెమెరాలు ఎత్తేసరికి అక్కడ తేనెపిట్ట ఉండి తీరుతుంది.

ఆ గుంపులో పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ లెన్సు మోచేతి పొడవు. "కెమెరా నాది, చెవులు మీవి మాస్టారూ" అని ప్రతివారం అంటుంది. మాస్టారు అదేం పెద్ద విషయం కానట్టు చెయ్యి ఊపేస్తారు. సోమవారం నుంచీ ఆ మాట కోసమే ఎదురుచూస్తారని మాత్రం పైకి ఒప్పుకోరు.

మూడు నెలల కిందట ఆ చెవులే మొరాయించాయి. దుకాణంలో ఓ వాచీకి బ్యాటరీ మార్చి చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు లేదు. విప్పి మళ్ళీ బిగించారు. అప్పుడూ లేదు. మూడోసారి విప్పబోతుంటే, "నడుస్తూనే ఉంది కదండీ" అంది వాచీ తెచ్చినావిడ. చూస్తే ముల్లు శుభ్రంగా తిరుగుతోంది. మాస్టారి గుండెల్లో రాయి పడింది. మిగతాది ఆ ఆదివారం పార్కులో తేలిపోయింది. కాకి వినపడుతోంది, కోకిల వినపడుతోంది. ఆయనకి అంత పేరు తెచ్చిపెట్టిన సన్నగొంతు పిట్టలు మాత్రం ఒక్కటీ వినపడటం లేదు.

అప్పట్నుంచీ ఎలాగో నెట్టుకొస్తున్నారు. ఆకు కదిలితే అంచనా కట్టడం, ఏ పిట్ట ఎప్పుడూ ఎక్కడ వాలుతుందో గుర్తుపెట్టుకుని చెప్పేయడం. కిందటి వారం "ఇక్కడేం లేదు, పదండి" అన్నారో లేదో, నెత్తిమీంచే ఒకటి తుర్రుమంది. డాక్టరమ్మ ఆయన వంక చూసింది గానీ నోరు మెదపలేదు. ఏదో ఒకటి అనేసినా బాగుండేది.

పైగా పార్కు గేటు దగ్గర అక్కడి పిట్టలన్నిటి ఫొటోలతో బోర్డు పెడుతున్నారు. అందులో ఒక్క గడి ఖాళీగా ఉంది, బదనిక పిట్టది. బొటనవేలంత ఉంటుంది, ఎండుటాకు రంగు, చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతికే బదనిక గుబుర్లలో తిరుగుతుంది. కూత వినపడితే తప్ప అది ఉన్నట్టే తెలియదు. ఈ ఆదివారం దాటితే బోర్డు ఆ ఖాళీ గడితోనే ఎక్కుతుంది. మాస్టారు ఉండగా మనకేం దిగులు అని గుంపంతా నిశ్చింతగా ఉంది.

ఆదివారం తెల్లారింది. మాస్టారు మంచం దిగలేదు.

"మోకాలు నొప్పి. ఇక పార్కు మానేద్దామనుకుంటున్నా" అన్నారు భార్యతో.

"నిన్న స్టూలెక్కి ఫ్యాను తుడిచిన మోకాలేనా?"

మాస్టారు గోడవైపు తిరిగారు. ఆవిడ వచ్చి మంచం అంచున కూర్చుంది. "ఏమైందో చెప్పండి."

చెప్పారు. ఆరు రోజులూ ఒంగి కూర్చుని వాచీలు విప్పే మనిషికి ఆ ఒక్క పూటే కదా గౌరవం, అదీ పోతే తానేం మిగులుతానని ఆయన భయం.

"వాషింగ్ మెషీను అయిపోయిందని కీచుమని మొత్తుకుంటుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు. నా మాటలాగే దాన్నీ పెడచెవిన పెడుతున్నారనుకున్నా" అంది ఆవిడ. కాసేపు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుని, లేచి చెప్పులు వెతుక్కుంది. "లేవండి. నేనూ వస్తా."

ముప్పై ఏళ్ళలో ఆవిడ ఒక్కసారీ వెంట వచ్చింది లేదు. ఆవిడ లెక్కలో పిట్టలంటే ఆరేసిన బట్టల మీద రెట్టలు వేసే జాతి.

పార్కులో మాస్టారు మాట్లాడకుండా ముందు నడిచారు. తొమ్మిదిమందీ ఆయన ఎప్పుడు ఆగుతారా అని చూస్తూ వెనక నడిచారు. బదనిక పట్టిన మామిడిచెట్టు కిందికి వచ్చేసరికి భార్య ఆయన చొక్కా పట్టి లాగింది.

"ఏవండీ, అదిగో మీ బదనిక పిట్ట."

మాస్టారు తలెత్తారు. ఆకులున్నాయి, ఎండ ఉంది. చెవులకి మాత్రం ఏమీ లేదు. "నీకెలా తెలుసు? ఎప్పుడూ వినలేదుగా."

"పిట్టని వినలేదు, మిమ్మల్ని విన్నా. ముప్పై ఏళ్ళుగా అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కూస్తున్నారు కదా, ఇది ఫలానా పిట్ట అని నాకు చెప్పి మరీ. ఇంట్లోనే అన్ని పిట్టలుంటే ఇక పార్కుకెందుకు రావడం?"

మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో కళ్ళు తడయ్యాయి. ఆయన గుంపువైపు తిరిగారు.

"డాక్టరమ్మా, పిట్ట ఈ చెట్టు మీదే ఉంది. విన్నది నేను కాదు, మా ఆవిడ. మూడు నెలలుగా నాకు సన్న కూతలు వినపడటం లేదు."

డాక్టరమ్మ కెమెరా పట్టీ సర్దుకుంది. "మాకు తెలుసు మాస్టారూ. అడిగితే మీరు రావడం మానేస్తారని అడగలేదు."

మాస్టారికి సిగ్గేసింది, మూడు నెలల బరువూ దిగిపోయింది. తల ఊపారు.

"పిన్నిగారూ, ఎక్కడుందో చూపించండి మరి" అంది డాక్టరమ్మ.

"పైనెక్కడో. నాకు ఆకులు తప్ప ఏం కనపడటం లేదమ్మా."

"కూత ఆపిందా?" అని అడిగారు మాస్టారు.

"ఇప్పుడే ఆపింది."

"బదనిక కాయ తింటోంది. ఆ గింజ బంకబంకగా ఉంటుంది, రెట్టతో ఊరికే రాలదు. వెనకభాగం కొమ్మకేసి రుద్దుకోవాలి. ఎడమవైపు బెరడు లేచిన కొమ్మ ఉంది చూడండి, అక్కడికే వస్తుంది."

తొమ్మిది కెమెరాలూ ఎడమకి తిరిగాయి. మెడలు లాగేదాకా నిలబడ్డారు. ఎండుటాకు లాంటిది ఒకటి వచ్చి బెరడు మీద వాలింది, అటూ ఇటూ జరిగి చక్కగా రుద్దుకుంది, ఓసారి కూసి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ కెమెరా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఫొటోలో పిట్ట నోరు తెరిచి ఉంది. గొంతు దగ్గర ఈకలు ఉబ్బి ఉన్నాయి. మాస్టారు చాలాసేపు దాన్నే చూశారు.

"ఎలా కూసింది? ఒక్కసారి అను" అన్నారు భార్యతో.

"ఇందరిలోనా?"

"మెల్లగా."

ఆవిడ అటూ ఇటూ చూసి, ఆయన చెవి దగ్గరికి వంగింది. "టిక్... టిక్‌టిక్... టిక్" అంది తన బొంగురు గొంతుతో, నడుమ, కూసేటప్పుడు ఆయన ఊపిరి పీల్చుకునే చోటే తానూ పీల్చుకుని.

మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. "మళ్ళీ అను" అన్నారు.