ఫోన్లు దాచిన జంతికల డబ్బా

నేను ఒక జంతికల డబ్బాను. స్టీలుదాన్ని, మూత కాస్త బిగువు. సికింద్రాబాదులో ఒక పాత్రల దుకాణంలో సుభద్రమ్మగారు నన్ను కొన్న రోజునే నా నడుం మీద తన పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించారు. మనుషులకి ఇదొక పిచ్చి. పేరు కొట్టిస్తే వస్తువు ఇల్లు దాటిపోదనుకుంటారు. పాతికేళ్లు ఆవిడ వంటింట్లో జంతికలు, చేగోడీలు మోశాను. ఆవిడ పోయాక కూతురు స్వరాజ్యంగారు నన్ను తెచ్చుకున్నారు. అక్కడినుంచి నా కడుపులో జంతికలకి బదులు ఫోన్లు పడ్డాయి.

స్వరాజ్యంగారు రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లు ఈ నగరంలో ఎంతమంది ఉన్నా, నలుగురూ చేరి హాయిగా నవ్వుకునే చోటు ఒక్కటీ లేదని ఆవిడకి ఏళ్ల తరబడి బాధ. ఆవిడా వాళ్లలో ఒకరే మరి. చివరికి తార్నాకలో ఒక మందుల షాపు మీది గది అద్దెకు తీసుకున్నారు. ఇంటి ఓనర్లకి ఎంబ్రాయిడరీ క్లాసు అని చెప్పారు. ఆదివారం నాలుగు నుంచి ఏడు దాకా అక్కడ అంత్యాక్షరి, తంబోలా, క్యారమ్స్. నెలకోసారి అందరూ కలిసి సినిమాకి పోయేవారు. సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఒక్కరికీ రాదు.

నా ఉద్యోగం గుమ్మం దగ్గర, స్టూలు మీద. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఫోను నాలో పెట్టి లోపలికి నడవాలి. ఒక్క ఫొటో బయటికి పోయినా కొందరికి ఉద్యోగం పోతుంది, కొందరికి ఇల్లే పోతుంది. అందుకే ఆ నియమం.

"మీ భయం కూడా ఇందులోనే పడేసి రండమ్మా" అనేవారు స్వరాజ్యంగారు. ఆ మాట విన్నప్పుడల్లా పొంగిపోయేదాన్ని. నేనేదో పెద్ద కాపలాదారుననుకున్నాను.

అరుంధతిది జనగామ. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. జీతమూ అక్కడే, పడుకునే గదీ అక్కడే. ఆమెను ఈ గదికి తీసుకొచ్చింది కల్పలత. ఇద్దరూ ఏడాదిగా ప్రేమించుకుంటున్నారు. మొదటి మూడు నెలలూ అరుంధతి చాప చివర కూర్చుని చప్పట్లు కొట్టేది, అంతే. ఒక ఆదివారం ఏమనిపించిందో, కొంగు నడుముకి దోపుకుని లేచి ఆడింది. అందరూ గోడకి జరిగి చోటిచ్చారు. ఆట అయ్యాక ఆయాసపడుతూనే అంది: "నేను ఆడపిల్లనే ప్రేమించిన. ఇంతమంది ముంగట చెప్పుడు ఇదే మొదటిసారి." కొందరు ఏడ్చారు కూడా.

ఇప్పుడు నా తెలివితక్కువతనం చెబుతాను. నాలో పడ్డ ఫోన్లు ఊరుకోవు, గుర్రుమని వణుకుతాయి. యమున అని కాలేజీ పిల్ల కొత్తగా చేరింది. తిన్నావా, బయల్దేరావా అంటూ దాని తల్లి మూడు గంటల్లో పదిసార్లు చేస్తుంది. కల్పలత పెట్టే ఫోను మాత్రం ఒక్కనాడూ కదల్లేదు. ఎంత నిశ్చింత గల మనిషి, ఆదివారం పూట ఎవర్నీ దగ్గరికి రానివ్వదు అని ఆమెను నేను గౌరవించాను. అది ఎప్పుడో చచ్చిపోయిన ఫోను. అసలుది ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉండేది. అరుంధతి ఆడుతున్నంతసేపూ కల్పలత ఒళ్లో బ్యాగు జిప్పు తీసి ఉంది. అందులోంచి ఫోను అంచు తొంగిచూడటం స్టూలు మీదినుంచి నేను చూశాను. ప్రేమకొద్దీ వీడియో తీసుకుంటోందిలే అనుకుని ఊరుకున్నాను.

అప్పటికే కల్పలత ఆమెను పోరుతోంది, హాస్టల్ వదిలేసి ఉప్పల్లోని తన ఫ్లాటుకి వచ్చెయ్యమని. అరుంధతిది ఒకటే జవాబు. "పిల్లలకు పరీక్షలున్నయి కల్పా. నలభై మంది నన్నే నమ్ముకున్నరు. ఈ ఏడు కానియ్యి."

తర్వాతి ఆదివారం కల్పలత అందరికంటే ముందొచ్చింది. చాపలు పరిచే పని ఆమెదే కాబట్టి గది తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉండేది. తలుపు వేసుకుని ఎవరో స్నేహితురాలికి ఫోన్ చేసింది. "వీడియో హాస్టలోళ్లకు పంపిన. నా నంబరు కాదులే, వేరే నంబరుకెల్లి. ఇగ యాడికి పోతది? నా దగ్గరికే గదా రావాలె" అంది. ఆ గొంతులో కోపం లేదు. ముద్దుగానే అంది, అదే నాకు ఒళ్లు మండించింది. తర్వాత చాపలు పరిచి, ఆ చచ్చిన ఫోను తెచ్చి నాలో పెట్టింది. అంత అసహ్యం నాకెప్పుడూ కలగలేదు.

బుధవారం హాస్టల్ వాళ్లు అరుంధతిని పిలిచి వీడియో చూపించారు. ఆదివారానికల్లా గది ఖాళీ చెయ్యమన్నారు. ఆదివారం ఆమె రెండు సంచులతో మెట్లెక్కి వచ్చింది.

ఆ రోజు ఆటల్లేవు. ఎవరు తీశారన్నదే మాట. అరుంధతి ఆడిన రోజు యమున మధ్యలో వచ్చి ఫోను తీసుకుందని ఒకామెకి గుర్తొచ్చింది. పైగా కొత్త పిల్ల, ఫోను ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఇంకేం కావాలి?

"మా అమ్మతోటి మాట్లాడిన మేడమ్, మెట్ల మీద నిలబడి. అంతే" అంది యమున.

నిజం. ఆ పిల్ల ఫోను తీసుకున్న క్షణమూ నాకు తెలుసు, తిరిగి పెట్టిన క్షణమూ తెలుసు. కానీ స్వరాజ్యంగారు దాని ముఖం చూడకుండానే, "నువ్వింక రాకమ్మా" అన్నారు. చోటు లేనివాళ్ల కోసం గది తెరిచిన మనిషి రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేశారు. ఆ పిల్ల చెప్పులు వేసుకుంటుంటే ఒక్కరూ తలెత్తలేదు. కల్పలత మాత్రం అరుంధతి కళ్లు తుడుస్తూ కూర్చుంది.

ఆ వారమే స్వరాజ్యంగారు తాళం వేసే ఇనప పెట్టె కొన్నారు. తప్పంతా నా మూతదే అన్నట్టు నన్ను డాబా మీద విరిగిన కుర్చీల పక్కన పడేశారు. పాత సామాన్ల బండివాడు వచ్చినప్పుడు పోతాను. పోయినా నాకు బాధ లేదు. నన్ను తినేసేది ఆ ఆదివారం సాయంత్రమే.

అందరూ వెళ్లిపోయారు. గదిలో వాళ్లిద్దరే మిగిలారు. అరుంధతి నాలోంచి తన ఫోను తీసుకుంది.

"కల్పా, ఆ పిల్లకు ఒక్కసారి ఫోన్ చేస్తనే. చిన్నది. మనసు మీద భారం పెట్టుకుంటదేమో."

"చెయ్యి" అంది కల్పలత. "నీ మనసే అంత."

గది నిశ్శబ్దంగా ఉంది. అవతలి గొంతు నాక్కూడా వినిపించింది.

"యమునా, నేను అరుంధతక్కను. నాకు నీ మీద కోపం లేదు. క్షమించిన. మంచిగ చదువుకో."

"నేను తియ్యలేదక్కా" అంది ఆ పిల్ల.

అరుంధతి ఫోను పెట్టేసింది. "ఇంక గూడ అబద్ధమే చెప్తుందే" అంది.

"పోనీలే, చిన్నపిల్ల" అంటూ కల్పలత రెండు సంచులూ తనే ఎత్తుకుంది. అరుంధతి ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.