చిప్పలో ముర్రుపాలు

చాపిన కాళ్ళ మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి ఓబులమ్మ వీపంతా ఆముదం పట్టిస్తోంది. పెనుకొండలో సగం జనానికి మొదటి స్నానం ఆ కాళ్ళ మీదే జరిగింది. లేవాలంటే ఇప్పుడు గోడ పట్టుకోవాలి గానీ, ఆమె చేతులకు మాత్రం ముసలితనం రాలేదు.

"అబ్బబ్బ, ఏమి బిడ్డమ్మే నీలావతీ! రాగుల మూట మాదిరి ఉండాడు. దిష్టి తగులుతాది," అంటూ అరికాలికి కాటుక చుక్క పెట్టింది.

కోడికూతకు పుట్టాడు. నీలావతికి ఇది మూడో కాన్పు, ముందరి ఇద్దరూ కడుపులోనే పోయారు. వీడైనా దక్కాలని ఆ ఇంట్లో మొక్కని దేవుడు లేడు. నెలలు నిండేటప్పుడు ఆమె పెరట్లో ఒంటికి పోయిన చోటల్లా చీమలు బారులు తీరేవి. తీపి కడుపు, లక్ష్మీ కడుపు అని ఓబులమ్మ మురిసిపోయింది. దాహం దాహం అంటుంటే, బిడ్డే తాగుతున్నాడులే అని నవ్వింది.

"అవ్వా, రొమ్ములు బరువుగా ఉండాయి. ఒక్క గుక్క పట్టిస్తానే," అంది నీలావతి.

"మూడో దినం దాంకా ఇయ్యగూడదు. ముర్రుపాలు బిడ్డకు అరగవు. మా అత్త నాకు చెప్పింది, నేను ఊరికి చెప్తాండా."

పసుపుపచ్చని ఆ పాలను తానే కొబ్బరిచిప్పలోకి పిండి గూట్లో పెట్టింది. ఎవరూ తొక్కకుండా పొద్దుగూకాక కరివేపాకు మొదట్లో పోయాలి. అది ఆచారం. బిడ్డ నాలుక మీద మాత్రం ఒక ఆముదం చుక్క రాసింది.

ఓబులమ్మ తొలిచూలు కొడుకు కూడా ఇట్లాగే బొద్దుగా పుట్టి రెండో రోజే పోయాడు. గాలి సోకిందని అత్త అంది. మళ్ళీ కడుపు పండలేదు. అప్పటినుంచీ ఊరి బిడ్డలనే కాళ్ళ మీద వేసుకుని బతుకుతోంది.

మధ్యాహ్నమైనా బిడ్డ ఏడవలేదు. బుద్ధిమంతుడు అనుకుంది. తర్వాత గడ్డం వణికింది, చేతులు అదిరాయి. చలేమోనని పాతచీర చుట్టింది, సాంబ్రాణి వేసింది. మిరపకాయలు తిప్పి నిప్పుల్లో పడేస్తే ఘాటే రాలేదు. చూశారా, ఎంత దిష్టో! అయినా పాదాలు చల్లబడుతూనే ఉన్నాయి. నీలావతి మొగుడు నల్లప్పను ఓబులమ్మే తరిమింది. "పో అబ్బా, నర్సమ్మను పిల్చకరాపో!"

నర్సు అన్నమ్మ వస్తూనే బిడ్డ పాదం పట్టుకుని, "పాలు పట్టినారా?" అంది. నీలావతి గూట్లోని చిప్పవైపు చూసింది. చక్కెర నీళ్ళు కలిపించి పెదవుల మీద చుక్కచుక్కగా వేసింది. సగం పక్కకు కారిపోయాయి.

"తల్లి నెత్తురులో చక్కెర ఎక్కువుంటే కడుపులో బిడ్డ దానికి అలవాటు పడి లావెక్కుతాడు ఓబులమ్మా. బొడ్డు కోస్తానే ఆ చక్కెర ఆగిపోతాది. అలవాటైన ఒళ్ళు మాత్రం ఉన్నదాన్నంతా కరగబెట్టేస్తాది. పుట్టిన గడియలోనే రొమ్ము పట్టాల. ఆ మొదటి పాలే వీనికి ప్రాణం."

"నర్సమ్మా, సూడు, వణుకు నిలిచిపోయింది!" అంది నీలావతి సంతోషంగా.

అన్నమ్మ బిడ్డ గుండె మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

నీలావతి నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. ఓబులమ్మ తన చేతులవైపే చూసుకుంటూ కూర్చుంది. ఎంత పాపం చేశాను దేవుడా అనుకుంది. ఇన్నేళ్ళూ తిట్టింది గాలినే.

"నాదీ ఇట్లనే పోయినాడేమో నర్సమ్మా," అంది.

పొద్దుగూకాక ఓబులమ్మ గోడ పట్టుకుని లేచి, ఆముదం గిన్నె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. కరివేపాకు మొదట్లో ఆ రోజు ఎవరూ ఏమీ పోయలేదు. గూట్లో కొబ్బరిచిప్ప అట్లాగే ఉంది, అడుగున పసుపుపచ్చగా ముర్రుపాలు, అంచు చుట్టూ చీమలు.